పెంపుడుబల్లి తోకపుండు

బల్లి తోక తెగి నేలమీద గిలగిల కొట్టుకొనుట చూడని యిల్లాలు మనలో నుండదు. చీపురు తగిలియో, తలుపుసందున నలిగియో, పిల్లి పంజా విసరియో తోక యూడిపడును. బల్లి మాత్రము గోడ ప్రాకి దూలము చాటున దాగును. పిల్లలు తోకచుట్టు మూగుదురు, పెద్దలు కసరుదురు, మఱునాటికి చీమలు దానిని మోసికొనిపోవును. కొన్ని వారములు గడచునప్పటికి ఆ బల్లియే మొండితోకతో దీపముచెంత పురుగులను పట్టుచు కనబడును. దానికి మందు రాచినవారు లేరు. రాయవలసిన పనియు లేదు.

ఈ యనుభవమే నన్ను మోసపుచ్చినది. గోడమీది బల్లి విషయమున చెల్లిన ధీమా పెట్టెలోని బల్లి విషయమున చెల్లదని నేను తెలిసికొనునప్పటికి ఒక మూగజీవము తోకలో సగము కుళ్లిపోయినది. ఆ సంగతియే యిచట వ్రాయబూనితిని. మన చెల్లెండ్రును, బిడ్డలును విదేశములందు కాపురములుండ, వారి పిల్లలు ఇట్టి జంతువులను పెంచుకొనుచున్న కాలమిది. ఏ యమ్మమ్మయో, ఏ పెద్దమ్మయో అచటికి పోయినప్పుడు నావలె పొరబడకుండుటకు ఇది యుపకరింపవచ్చును.

2022 వ సంవత్సరము నవంబరులో మా చెల్లెలి పురిటికని అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమునకు పోయితిని. మా యమ్మకు మోకాళ్ల నొప్పులచే అంతదూరపు ప్రయాణము సాగదు. మావారు బడిపిల్లలతోపాటు మా పిల్లలను గూడ తామే చూచుకొందునని చెప్పి నన్ను పంపిరి. చెల్లెలి పెద్దకొడుకునకు తొమ్మిదేండ్లు. నేను చేరిననాటి రాత్రియే వాడు నా చేయి పట్టుకొని తన గదికి తీసికొనిపోయి, "దొడ్డమ్మా, మా లియోని చూడు" అని ఒక గాజుపెట్టె చూపించెను. అందు రాతిగుహవంటి చిన్న మాటునుండి పసుపుపచ్చని తల యొకటి మెల్లగా వెలుపలికి వచ్చి, నన్ను చూచి, రెప్పలార్చినది.

రెప్పలార్చు బల్లిని నేను పుట్టి బుద్ధి యెఱిగిన పిదప చూచియుండలేదు. మన యింటి బల్లికి రెప్పలు లేవు. కన్ను మసకబారినచో నాలుకతో తుడుచుకొనును. దీనికి రెప్పలే కాదు, మొగమున నవ్వు గూడ నున్నట్లు తోచినది. ఇంగ్లీషున దీనిని లెపర్డు గెకో యందురు. ఒడలంతయు చిఱుతపులి చర్మమువలె నల్లని చుక్కలుండుటచే ఆ పేరు వచ్చినది గనుక మనము చిఱుతబల్లి యనుకొందము. దీని పుట్టినిల్లు మనకు మఱీ దూరము గాదు. ఆఫ్ఘనిస్థానము, పాకిస్థానము, మన దేశపు వాయవ్యభాగము, అచటి రాతినేలలు దీని నెలవులు. ఎడ్వర్డు బ్లైతు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1854 లో దీనికి శాస్త్రనామము పెట్టెను. దీని జ్ఞాతి యొకటి మన తూర్పుకనుమలలోనే యున్నది. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములలో కనబడు ఆ బల్లిని 2022 లో ప్రత్యేకజాతిగా గుర్తించి పేరు పెట్టిరి. అది యడవిలో నుండవలసినదే గాని పట్టి పెంచవలసినది కాదు. అమెరికాలో పిల్లలు పెంచు చిఱుతబల్లులు ఎన్నో తరములుగా మనుష్యుల యిండ్లలో పుట్టి పెరిగినవి. పొడవు 8 మొదలు 10 అంగుళముల వఱకు నుండును. చక్కగా పెంచినచో 15, 20 ఏండ్లు బ్రతుకును. వ్రేళ్లకు అంటుకొను మెత్తలు లేవు గనుక నున్నని గోడ ప్రాకలేదు.

ప్రాకలేదు గనుక మీద పడదు. మీద పడదు గనుక పంచాంగములోని గౌళిపతన ఫలములు దీనికి వర్తింపవు. ఈ తర్కమును మా యమ్మకు టెలిఫోనులో మూడుమాఱులు విన్నవించుకొంటిని. "పురిటింట్లో బల్లేమిటే! నువ్వు కంచిలో బంగారుబల్లిని తాకి వచ్చావు గనక నీకేం ఫరవాలేదు. బాలింతరాలి మాటేమిటి?" అని ఆమె బెంగ. అమరములో గృహగోధిక యని చదివిన మాట నాకు జ్ఞాపకము వచ్చి, నిజముగా గృహమున నున్న గోధిక యిదియే కాబోలునని నవ్వుకొంటిని.

అన్నిటికంటె నన్నాకర్షించినది దాని తోక. నడుమ బొటనవ్రేలంత లావు; ఉంగరములను దొంతిగా పేర్చినట్లు కణుపులు; కొనకు పోవుకొలది సన్నము. ఒంటెకు మూపురమెట్టిదో చిఱుతబల్లికి తోక యట్టిది. తిన్నదానిలో మిగిలిన కొవ్వును అందు దాచుకొని, తిండి దొరకని దినములలో దానితో ప్రాణము నిలుపుకొనును. ధాన్యపుగాదె చూచి యింటి కలిమి చెప్పినట్లు తోకను చూచి బల్లి యారోగ్యము చెప్పుదురు. తోక చిక్కినచో బల్లి చిక్కినదన్న మాటయే.

డిసెంబరులో మా చెల్లెలు మగపిల్లవానిని కనెను. అటుపిమ్మట ఇంటిలో ఎవరి పని యెవరు చేయుచున్నారో తెలియలేదు. పిల్లవాడు బడికిని, మఱది కచేరికిని పోవుదురు. నేను కారపుపొడియనియు, పత్యపు కూరలనియు, పసివాని నీళ్లనియు తిరుగుచుంటిని. లియోకు వేళకు కీచురాళ్లను, పిండిపురుగులను పిల్లవాడు వేయుచునే యుండెను. త్రాగు నీరును మార్చుచుండెను. ఒక్కటి మాత్రము అందఱమును మఱచితిమి. ఆ పెట్టెలో ఒక మూల చిన్నడబ్బా యొకటి బోర్లించి, దానికొక ద్వారము కోసి, లోపల తడినాచు పఱచియుందురు. బల్లి కుబుసము విడుచు దినములలో అందు దూరి తడియొడలితో పొరను వదల్చుకొనును. ఆ నాచు నెండకుండ తడుపుట మా చెల్లెలి పని. ఆమె పురిటిగదిలో నుండెను. నాకెవరును చెప్పలేదు; నేనును అడుగలేదు.

పైగా అది చలికాలము. అచటి యిండ్లలో రేయింబవళ్లు వెచ్చనిగాలి వీచు యంత్రము నడచుచుండుటచే గాలిలో తడి యుండదు. మనుష్యుల పెదవులే పగులును. మనవారికి వెన్న రాచుకొనుటకు చేతులున్నవి. గాజుపెట్టెలోని బల్లికి ఆ డబ్బా తప్ప వేఱు దిక్కు లేదు. ఈ జాతి బల్లికి కుబుసము విడుచునప్పుడు ఒళ్లంతయు తెల్లని పలుచని వస్త్రము కప్పినట్లగును. ఆ పొరను నోటితో లాగి తానే తినివేయును. సరిగా విడిచినచో మఱునాడు ఆనవాలే యుండదు. తడి చాలనప్పుడు కాలివ్రేళ్లకును, తోకకొనకును కొంత పొర పట్టుకొనియుండును. ఎండినకొలది అది బిగియును. తరువాతి కుబుసమును అక్కడనే పట్టును. ఉతికిన నూలుదారము బిగిసినట్లు వలయమై రక్తపు రాకపోకలను ఆపివేయును.

జనవరి రెండవ వారమున ఒకనాటి సాయంకాలము పిల్లవాడు వచ్చి, "దొడ్డమ్మా, లియో తోక చివర నల్లగా అయింది" అనెను. పోయి చూచితిని. కొనకు అంగుళము పైన తెల్లని సన్నని కట్టువంటిది. దానికి దిగువ బూడిదరంగు. కొసయందు ఎండిన మిరపతొడిమవలె నలుపు. బల్లి యెప్పటివలెనే తిరుగుచున్నది. నొప్పి యున్నట్లు తోపలేదు. (బల్లులు నొప్పిని దాచుకొనునని నాకు తరువాత తెలిసినది. బలహీనమని తెలిసినచో ఇంకొక జంతువు తినివేయు లోకమున పుట్టిన జీవమది.) నేను చేసినదేమనగా, చిటికెడు పసుపు కొబ్బరినూనెలో రంగరించి తోకకు రాచితిని. దెబ్బ యనగానే మన చేయి పోవునది పసుపుడబ్బా మీదికే గదా. "తోకే కదరా, ఊడినా మళ్లీ మొలుస్తుంది" అని పిల్లవానికి ధైర్యము చెప్పితిని. "బాలింతరాలికి ఈ గొడవ చెప్పకు" అని గూడ నంటిని. ఈ చివరిమాటకే నేనిప్పటికిని సిగ్గుపడుదును.

నాలుగు దినములు గడచెను. నూనెకు పెట్టెలోని యిసుక యంటి ముద్దకట్టినది. నలుపు తెల్లకట్టును దాటి పైకి ప్రాకినది. లియో తిండి మానినది. పిల్లవాడు నా మాట దాటలేక, తల్లితో చెప్పక, రాత్రివేళ పెట్టె యెదుట కూర్చుండి యేడ్చుచుండగా మా చెల్లెలే వినెను. పసివాని నా చేతికిచ్చి, తాను పోయి, చేతిదీపము వేసి చూచి, నావైపు తిరిగి, "అక్కా, ఇది ఊడే తోక కాదు, చచ్చిపోతున్న తోక" అనెను. ఈ వ్యాసమున నేను చెప్పదలచినదంతయు ఆ యొక్క మాటలోనే యున్నది.

మఱునాడు ఇంటికి దగ్గఱనున్న పశువైద్యశాలకు టెలిఫోను చేయగా వారు కుక్కలకును పిల్లులకును మాత్రమే చూతుమనిరి. ప్రాకెడు జంతువులకును కప్పలకును వైద్యము చేయువారికి అమెరికాలో ప్రత్యేకసంఘ మున్నది. వారి జాబితాలో వెదకగా గంట ప్రయాణములో ఒక వైద్యురాలు దొరకెను. బయట మంచు. బల్లి తన యొడలికి వేడిని తాను పుట్టించుకొనలేదు. చలిలో తీసికొనిపోయినచో దారిలోనే చచ్చును. కావున చిన్న డబ్బాలో మెత్తని కాగితపు తువ్వాలు పఱచి, గోరువెచ్చని నీటిసీసాను గుడ్డలో చుట్టి డబ్బాకు ఆనించి, అంతయు ఒక సంచిలో నుంచి, నేను నా యొడిలో పెట్టుకొంటిని. పసుపు రాచినదానను నేనే గనుక మోయవలసినదానను నేనే యని తోచినది.

ఆమె చిన్నవయసుది. ముందుగా నన్ను కోపించునని భయపడితిని గాని కోపింపలేదు. గోరువెచ్చని ఉప్పునీటితో నా పసుపును, ఇసుకను నెమ్మదిగా కడిగి, భూతద్దము క్రింద ఆ కట్టును చూపించెను. ఒకదానిపై నొకటి రెండు మూడు కుబుసముల పొరలు పేరుకొనియున్నవి. తరువాత ఒక బల్లితోక బొమ్మ తీసి నాకును పిల్లవానికిని విడమఱచి చెప్పినది నా మాటలలో నిట్లు.

బల్లి తోక యెక్కడబడిన అక్కడ విఱుగదు. తోకలోని పూసలలో విఱుగుటకై ప్రకృతియే ముందుగా గీచియుంచిన సందులున్నవి. శత్రువు పట్టుకొన్నప్పుడు బల్లియే కండలను బిగించి ఆ సందు దగ్గఱ తోకను వదలివేయును. అదే క్షణమున రక్తనాళములు ముడుచుకొని మూసికొనును. అందుచే నెత్తురు రెండుమూడు చుక్కలకంటె పోదు. తెగిన తోక వట్టి యూగుటయే కాదు. ఎగిరి పల్టీలు గొట్టును. ఈ పల్టీలను కెనడాలోని ఆంథొని రస్సెలును, అమెరికాలోని టిమొతి హైయమును చిఱుతబల్లులయందే పరీక్షించి 2009 లో ప్రకటించిరి. శత్రువు ఆ తోకవంక చూచుచుండగా బల్లి తప్పించుకొనును. మఱి అంత సులభముగా నూడు తోక మామూలువేళల నేల యూడదు? అబుదాబిలోని విశ్వవిద్యాలయశాఖ పండితులు 2022 లో దీనిని పరిశీలించి, కండలు ఒకదానినొకటి పుట్టగొడుగు తలలవంటి సూక్ష్మమైన బుడిపెలతో పట్టుకొనియుండుననియు, అవి సూటిగా లాగిన నిలుచుననియు, వంచిన విడిపోవుననియు తేల్చిరి. లోన గట్టి, ప్రక్కకు మెత్తన!

ఇట్లు తెగిన తోక శుభ్రమైన గాయము. లోనుండి మూసికొన్నది. దానిని మనము చేయిపెట్టి చెఱపకున్న చాలును. కుబుసము బిగిసి చచ్చిన తోక యట్టిది కాదు. అక్కడ బల్లి యేమియు వదలలేదు. ఏ రక్తనాళమును మూయలేదు. చచ్చిన మాంసము బ్రతికిన మాంసమునకు అతుకుకొనియే యున్నది. ఆ యతుకుదారిని కుళ్లు పైకి ప్రాకును, వెన్నులోనికి పోవచ్చును, నెత్తురులో కలియవచ్చును. అప్పుడు తోకయే కాదు, ప్రాణమే పోవును. మన గోడబల్లిని చూచి నేను పిల్లవానికి చెప్పిన ధైర్యము ఎంత తలక్రిందుదో అప్పుడు నాకు బోధపడినది.

ఎక్స్-రే తీసి చూచి, పైభాగమున ఎముక చెడలేదనియు, సగముతోక తీసివేయవలెననియు ఆమె చెప్పి, అగు ఖర్చు కాగితముమీద వ్రాసియిచ్చెను. ఆ రాత్రి యింట చర్చ. మఱది దుర్మార్గుడు కాడు. పురిటిఖర్చులు ఇంకను తీరలేదు. "నలభై డాలర్లకు కొన్న బల్లికి ఐదువందల డాలర్లా? అంతకంటె క్రొత్తది కొనిపెట్టవచ్చు గదా" అనెను. పిల్లవాడు ఆ మాట వినకుండ తలుపు వేసితిమి గాని వాడు తలుపుకావలనే నిలుచుండెను. నేను మాటాడ నర్హురాలను కాను. నాకు భాగవతమున నృగమహారాజు కథ తలపునకు వచ్చినది. ఆయన ఊసరవెల్లియై నీరులేని నూతిలో పడియుండగా యాదవబాలురు త్రాళ్లు వేసి లాగబోయిరి. లాగలేకపోయిరి గాని విడిచిపోక కృష్ణునితో చెప్పిరి. మా చెల్లెలు పురాణము చదువలేదు. పసివానికి పాలిచ్చుచునే, "అడవిలో ఉంటే తడి ఉన్న రాయి కింద అదే దూరేది. పెట్టెలో పెట్టింది మనం. తడపడం మానింది మనం" అనెను. మఱది మాఱు పలుకక ఉత్తరువు కాగితముమీద సంతకము చేసెను.

శస్త్రచికిత్స అరగంటకంటె తక్కువ. మత్తుమందిచ్చి, చచ్చిన భాగమునకు పైన, బ్రతికిన మాంసములోనే, ఆ సహజమైన సందు దగ్గఱ తోకను విఱిచివేసిరి. కుట్లు వేయలేదు! నేను తెల్లబోయి యడుగగా, గాయమును కుట్టి మూసినచో క్రొత్తతోక మొలవదనియు, తోక విడుచు జాతులకు తెఱచియుంచుటయే మంచిదనియు చెప్పిరి. బల్లియే విడిచినట్లుగా మనము విడిపించుట యిది. నొప్పికి మందును, కుళ్లునకు మూడుదినముల కొకమాఱు సూదిమందును ఇచ్చిరి. ఆ సూది ఇంటియొద్ద వేయుట మా చెల్లెలు నేర్చుకొన్నది. నేను బల్లిని పట్టుకొనుట నేర్చుకొంటిని. గట్టిగా పిడికిట పట్టరాదు. అఱచేతిలో నిలిపి పైనుండి వ్రేళ్లు గూడుగా నుంచవలెను. తోకను మాత్రము తాకనే రాదు.

ఇంటికి వచ్చిన తరువాతి సేవయే పెద్దపని. మొదట ఇసుకంతయు పాఱబోసి తెల్లని కాగితపు తువ్వాళ్లు పఱచితిమి, రోజును మార్చితిమి. తెల్లకాగితమున చీము గాని నెత్తురు గాని మఱకపడిన వెంటనే తెలియును. పెట్టెకు ఒకవైపు వెచ్చదనము, ఒకవైపు చల్లదనము ఉండవలెను. వెచ్చనివైపు నేల 88 మొదలు 92 డిగ్రీల ఫారెన్‌హీట్ (31 మొదలు 33 సెంటీగ్రేడు), చల్లనివైపు 75 మొదలు 80. ఇది సుఖము కొఱకు కాదు. చల్లబడిన బల్లికి తిన్నది యరుగదు, సూదిమందు సరిగా పనిచేయదు. వైద్యురాలు మందుకంటె ముందు ఉష్ణమాపకమును గూర్చియే యడిగెను. రాత్రి తినక మిగిలిన కీచురాళ్లను పెట్టెలో నుంచరాదు. అవి గాయమును కొఱుకును. (కీచురాయి అంత క్రూరమని నేను తలపలేదు. మల్లెపొదలో పాడుచుండగా వినుటయే గాని.) తోకలోని గాదె పోయినది గనుక తిండి యెక్కువ పెట్టవలెను, పురుగులకు కాల్షియము పొడి యద్ది వేయవలెను. అంగళ్లలో దొరకు జంతువుల కాల్షియమే గాని మన తాంబూలపు సున్నము కాదు సుమా.

పసిబిడ్డ యున్న యింట మఱియొక జాగ్రత్త. బల్లులు, తాబేళ్లు, పాములు మొదలగువాని పేగులలో సాల్మొనెల్లా యను సూక్ష్మజీవులుండవచ్చును. వానివలన జంతువున కేమియు గాదు. మనకు, ముఖ్యముగా ఐదేండ్లలోపు పిల్లలకు, జ్వరమును విరేచనములును పట్టి ప్రమాదమగును. అందుచే బల్లి గిన్నెలను వంటింటి తొట్టిలో కడుగుట మానిపించితిమి. దాని నీళ్లు మరుగుదొడ్డిలో పోసితిమి. ముట్టిన ప్రతిమాఱును సబ్బుతో చేతులు కడుగుకొని గాని పసివానిని ఎత్తుకొనలేదు. ఈ విషయమున మా యమ్మ బెంగ శాస్త్రసమ్మతమే యయ్యెను, కారణము మాత్రము వేఱు.

ఇక, తొలినాడే నేను చేయవలసియుండిన పని యేదో వ్రాసెదను. పొర పట్టియుండి తోకరంగు ఇంకను మాఱనప్పుడు ఇంటనే బాగుచేయవచ్చును. పొట్ట తడియునంత మాత్రపు లోతున గోరువెచ్చని నీరు, 85 మొదలు 90 డిగ్రీల ఫారెన్‌హీటుది, పళ్లెములో పోసి బల్లిని పదిహేను నిమిషములు నిలుపవలెను. ప్రక్కన నుండి చూచుచుండవలెను, విడిచి పోరాదు. తరువాత తడిపిన దూదిపుల్లతో ఆ పొరను కొనవైపునకు నెమ్మదిగా దొర్లింపవలెను. వచ్చినంత వచ్చును. రానిదానిని లాగరాదు, లాగినచో క్రింది లేతచర్మమును వచ్చును, లేక భయపడి తోకనే విడుచును. మఱునాడు మరల నానబెట్టవలెను. రంగు మాఱినచో, వాచినచో, వాసన వచ్చినచో, తిండి మానినచో ఇక పళ్లెము వద్దు. ఆనాడే వైద్యుని చూడవలెను. బల్లుల చీము మనుష్యుల చీమువలె కారదు. జున్నుముక్కవలె గట్టిపడి లోననే యుండును. కారుటలేదు గనుక పుండు లేదనుకొనుట పొరబాటు.

రాయగూడని వానిలో నా పసుపునూనె మొదటిది. నూనె గాలి తగులనీయక మురికిని పట్టియుంచును. పసుపు రంగువలన నలుపు ఎంతవఱకు ప్రాకినదో కనబడదు. నా నాలుగు దినములు అట్లే పోయినవి. స్పిరిటు, హైడ్రోజన్ పెరాక్సైడు బ్రతికిన మాంసమునే కాల్చును. మనుష్యులకు వాడు లేపనములలో నొప్పి చంపు మందు కలిసినవి చిన్నజంతువులకు విషమగును. వైద్యుడు చెప్పినచో పోవిడోన్ అయొడినును పలుచని తేనీటి రంగు వచ్చునంత నీటిలో కలిపి గాయము కడుగవచ్చును. అంతే.

తోక తానై తెగినప్పుడు ఇవియు నక్కఱలేదు. ఇసుక తీసివేసి, కాగితము పఱచి, ఇంకొక బల్లి కలిసియున్నచో వేఱుచేసి, వెచ్చగా నుంచి, కడుపునిండ తిండి పెట్టిన చాలును. కట్టు కట్టరాదు. మొండి చివర వాచినను, నల్లబడినను మాత్రము వైద్యుని యొద్దకే.

లియో మూడవనాడు ఒక పిండిపురుగును తినెను. పిల్లవాడు ఇల్లంతయు అఱచుచు పరుగెత్తి నిద్రబోవు పసివానిని లేపెను, ఎవరును కసరలేదు. రెండువారములకు పైచెక్కు ఊడి లోపల గులాబిరంగున మొటిమవంటిది కనబడినది. నేను మార్చిలో బయలుదేరునప్పటికి అది వ్రేలి కణుపంత యయ్యెను. క్రొత్తతోకలో పూసలుండవు; మెత్తని మృదులాస్థి కడ్డీ మాత్రముండును. కణుపులు లేక నున్నగా, మూల లావై, కొన మొద్దుగా, అచ్చముగా చేమదుంపవలె నుండును. చుక్కలును పాతవరుసలో రావు. అందుచే మొలచిన తోకను ఎవరైన పోల్చవచ్చును. ఇంతకంటె వింత యేమనగా, ఆ తోకలో వెన్నుపాము గూడ మరల పెరుగును. మనకు వెన్నుపాము తెగినచో అతుకదు. చిఱుతబల్లికది యే కణములచే సాధ్యమగుచున్నదో కెనడాలోని గెల్ఫు విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2017 లో ప్రకటించిరి. అన్ని బల్లులకును ఈ భాగ్యము లేదు. న్యూ కాలెడోనియా దీవులలో 1994 లో మరల కనుగొనబడి యిప్పుడు విరివిగా పెంచబడుచున్న శిఖబల్లికి తోక పోయినచో పోయినట్లే. మొండిగనే సుఖముగా బ్రతుకును.

మేనెలలో పిల్లవాడు ఛాయాచిత్రము పంపెను. చేమదుంప నిండుగా ఊరినది. పెట్టెమీద ఒక కాగితము అంటించియున్నది. అందు వాడు తన వంకరయక్షరములతో కుబుసము విడిచిన ప్రతితేదీయు వ్రాసి, ఎదురుగా "వ్రేళ్లు 20, తోక 1, చూశాను" అని వ్రాసికొన్నాడు. నాచు తడుపు పని యిప్పుడు వానిదే. చెల్లెలు ఆ డబ్బాకు ప్రక్కగా మఱియొక చీటి యంటించినది. అది నాకొఱకట: "అక్కా, పసుపు వంటింట్లోనే."